కారు రేడియోలో మాడిపోయిన వాల్వు

1974 వానాకాలం. విజయవాడ వన్ టౌన్‌లో నాకో చిన్న రేడియో రిపేరు షాపు ఉండేది. ఓ ఆదివారం సాయంత్రం ఉయ్యూరు మాస్టారు దేవసహాయంగారు తన పాత ఫారిన్ కారు తెచ్చి షాపు ముందు ఆపారు. వెనక సీట్లో ఆయన భార్య సుగుణమ్మగారు, రెండు కళ్ళకీ కట్లతో. ఆపరేషనయి ఆస్పత్రి నుంచి ఇంటికి వెళుతున్నారు.

"రేడియో మళ్ళీ మూగబోయింది వెంకట్రావ్. దారిలో ఈవిడకి కాస్త కాలక్షేపంగా ఉంటుందనుకున్నాను."

పాత రేడియోల్లో బల్బుల్లాంటి గాజు వాల్వులుండేవి. ఇళ్ళల్లో సెట్ల వాల్వులకి రెండొందల ఓల్టుల దాకా కావాలి. ఆ కారు సెట్టులోవి మాత్రం బ్యాటరీ ఇచ్చే పన్నెండు ఓల్టులతోనే పనిచేసే రకం. బ్యాటరీ కరెంటు నేరుగా వాటికే వెళుతుంది. బజార్లో దొరికేవి కావు, పాత సెట్లలోంచి ఊడదీసి దాచుకోవాల్సిందే. విప్పి చూస్తే, వేసవిలో నేను మార్చిన వాల్వే పోయింది. లోపల వెలిగే సన్నటి తీగ, ఫిలమెంటు, తెగి ఉంది.

అలాంటిది నా దగ్గర ఇంకొక్కటే మిగిలింది. పెట్టబోయి ఆగాను. ఇంత త్వరగా ఎందుకు పోయినట్టు? ఇంజను స్టార్టు చెయ్యమని చెప్పి బ్యాటరీకి మీటరు పెట్టాను. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ పద్నాలుగు దగ్గర ఆగాల్సిన ముల్లు పైకెక్కి పదిహేడు ఓల్టులు దాటింది. బ్యాటరీని ఛార్జి చేసే డైనమోని అదుపులో ఉంచే రెగ్యులేటరు పాడయింది.

"మాస్టారూ, వాల్వు పోతే పోయింది. చీకట్లో హెడ్‌లైట్లు రెండూ ఇలాగే మాడిపోతే ఏం చేస్తారు?"

ఉయ్యూరు దారంతా బందరు కాలవ పక్కనే.

ఎంత తిరిగినా, ఆదివారం కావడంతో కారు కరెంటు పని చేసేవాళ్ళెవరూ దొరకలేదు. బస్సులో తోపులాట వద్దని డాక్టరు మరీమరీ చెప్పాడట. ఊళ్ళో ఆగడానికి వాళ్ళకి ఎవరూ లేరు. చివరికి డైనమో తీగ విప్పేసి, ఒట్టి బ్యాటరీ మీదే బయల్దేరాలనుకున్నాం. అది ఎంత దూరం లాగుతుందో నాకే తెలీదు. వాళ్ళనలా పంపించడానికి మనసొప్పక, మీటరు ఒళ్ళో పెట్టుకుని నేనూ ఎక్కాను.

కంకిపాడు దాటేసరికి పొద్దు వాలింది, పైన మబ్బు. లైట్లు వెయ్యక తప్పలేదు. ముల్లు దిగడం మొదలుపెట్టింది.

"చీకటి పడిందా బాబూ?" అన్నారు సుగుణమ్మగారు.

"లేదమ్మా, మబ్బు పట్టిందంతే."

"నాకు అబద్ధాలు చెప్పకు. ఆయన ప్రార్థన చేసుకుంటున్నారు, వినపడుతోంది."

ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అయితే నెమ్మదిగా పోనివ్వండి. నేనెలాగూ చీకట్లోనే ఉన్నాగా."

వాన మొదలైంది. లైట్లు ఎర్రబడ్డాయి. రోడ్డు అంచేదో నీళ్ళేవో తెలియడం లేదు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి "కుడికి, ఇంకాస్త కుడికి" అంటూనే ఉన్నాను. ఉయ్యూరు మొదటి వీధిదీపం కిందికి వచ్చాక ఇంజను రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. ఆవిడ తలమీద గొడుగు పట్టి ఇద్దరం ఇంటిదాకా నడిపించాం.

రెగ్యులేటరు మార్పించాకే నా దగ్గర మిగిలిన ఆ ఒక్క వాల్వూ పెట్టాను. ఆయన కారు అమ్మేదాకా పనిచేసింది.

అప్పట్నుంచి ఎవరు ఏది మాడిపోయిందని తెచ్చినా, కొత్తది వేసేముందు పాతదాన్ని మాడ్చిందేమిటో చూసేవాణ్ణి. ఆలస్యమవుతోందని కొందరు విసుక్కునేవారు. నేనేమీ అనేవాణ్ణి కాదు. ఆ సాయంత్రం నేను వాల్వు పెట్టి ఉంటే రేడియో వెంటనే పాడేది. వాళ్ళిద్దరూ నాకు థాంక్స్ చెప్పి, పాటలు వింటూ, చీకటిపడే వేళకి కాలవ దారి పట్టేవారు.