తిరగబడని ప్యాచ్

కస్టమర్ ల్యాబ్‌లో నెట్ ఉండదు. కోడ్‌లో ఏ లైన్లు చేర్చామో, ఏవి తీసేశామో రాసి ఉండే ప్యాచ్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి వేయాలి. తేడా కొడితే అదే ప్యాచ్‌ను తిరగేసి వేస్తే పాత కోడ్ వచ్చేస్తుంది. ఆ రోజు తిరగేస్తే ఏమీ రాలేదు. ప్యాచ్ చేసిన మా నిజామాబాద్ కొలీగ్, డిలీట్ చేసిన ఫైళ్ల పేర్లు మాత్రం ఉంచి లోపలి లైన్లన్నీ వదిలేశాడు. ఆ ఫైళ్ల కోసం ఎస్-బాన్ లోకల్ రైల్లో మ్యూనిక్ ఆ చివర నుంచి ఈ చివరికి, ఆఫీసుకొచ్చి పడ్డాను.

“డిలీటే కదన్నా, అండ్ల చూసేదేముంటది? ప్యాచ్ చిన్నగుండాలని తీసేసిన” అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. అతని బీరువా మీద కాఫీ మెషీన్ తాలూకు ఖాళీ అట్టపెట్టె ఏడాదిగా దుమ్ము కొట్టుకుని ఉంది.

“మరి దాన్నెందుకు పారేయలేదు?”

“అయ్యో, మెషీన్ వాపస్ ఇయ్యాలంటే డబ్బా ఉండాలె కదన్నా!”