అస్థిపంజరం అనే మాట

ఆకివీడులో మందుల షాపు మెట్ల మీద ఎవరి చేతిలోంచో కాల్షియం టానిక్ సీసా జారి పగిలింది. పక్కనే చేపల లారీ నీళ్ళు కారుస్తోంది. ఆ నీచులో కూడా తియ్యటి సుద్ద వాసన నా ముక్కును వదల్లేదు. సుభద్రగారు గుర్తుకొచ్చారు.

ఆవిడ తాడేపల్లిగూడెంలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. నేను పదో తరగతితో ఆగి, ఐస్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, సాయంత్రాలు లైబ్రరీలో గడిపేవాణ్ణి. జీవశాస్త్రం బీరువా మొత్తం నమిలేశానని నా గర్వం. అక్కడికే వచ్చే సుభద్రగారు “నమిలావు సరే, అరిగిందా సత్యం?” అని నవ్వుతూనే, నాకు తెలియనిది బొమ్మగీసి చెప్పేవారు.

ఆవిడ మనవరాలు చిన్నికి మూడేళ్ళు. పుట్టుకతోనే గుండెలో లోపం. జన్యుపరీక్ష కాగితం వచ్చిన రోజు సుభద్రగారు ఏలూరు వెళ్ళారు. ఆవిడ కూతురు, చిన్ని తల్లి లలిత ఆ కాగితం నాకు చూపించింది.

“అన్నయ్యగారూ, ఏం రాశారండీ ఇందులో?”

ఒక క్రోమోజోములో చిన్న ముక్క లేదట. పోయిన జన్యువుల్లో లిమ్‌కే-వన్ అనే పేరు నాకు తెలుసు. కణ అస్థిపంజరాన్ని అదుపుచేసే ఎంజైము దాన్నుంచే తయారవుతుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను.

“అస్థిపంజరం అంటే ఎముకలేనమ్మా. కాల్షియం పట్టించండి, గట్టిపడతాయి.”

లలిత డాక్టరుని అడక్కుండానే పట్టించింది. నెల తిరక్కుండా చిన్ని అన్నం మానేసింది, వాంతులు పట్టుకున్నాయి. ఈ జబ్బున్న పిల్లల రక్తంలో అసలే కాల్షియం పెరిగే ప్రమాదం ఉందని, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని ఆసుపత్రిలో చెప్పారు.

సుభద్రగారు లైబ్రరీకి వచ్చి అదే పుస్తకం నా ముందు తెరిచారు. గొంతు పెంచలేదు.

“కణానికి ఎముకలుంటాయా సత్యం? దారాలుంటాయి. ఆక్టిన్ దారాలు. వాటిని తెంచే ప్రోటీన్‌ని ఈ ఎంజైము ఆపుతుంది. అస్థిపంజరమన్నది పోలిక. పోలికని పిల్ల నోట్లో పోశావు.”

చిన్ని మరుసటి వానాకాలం దాటలేదు. పోయిన పదిరోజులకి సుభద్రగారిని అడిగాను.

“నా వల్లేనా అండీ?”

“గుండె కూడా పాడైంది. ఏది ముందు తీసుకుపోయిందో తెలీదు. తెలీనప్పుడు తెలీదనే అంటాను. కాదని చెప్పి నిన్ను ఓదార్చలేను.”

మర్నాడు కూడా లైబ్రరీలో నా ఎదుటి కుర్చీలోనే కూర్చుని చదువుకున్నారు. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఎవరైనా రిపోర్టు తెచ్చి “మీరు చదివినవారు కదండీ” అంటే, “నాకు తెలీదండీ, డాక్టరుగారినే అడగండి” అంటాను. ఇంత చదివి చెప్పడేం, పొగరు అనుకుంటారు. అనుకోనిస్తాను.