మిషనత్త, మరిది, మధ్యలో గోడ

వీధిలో అందరూ ఆమెను మిషనత్త అనేవారు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను, ఆమె నోరు పోటీ పడి నడిచేవి. ఎంత గడుసు గిరాకీనైనా భరించేది గానీ, పురుగు కనిపిస్తే మాత్రం ఆమెకు ఒళ్ళు మండిపోయేది. చీమకు చెప్పు, బొద్దింకకు చీపురు, సాలీడుకు కర్ర ఎప్పుడూ చేతికందేలా పెట్టుకునేది.

అన్నింటికంటే కీచురాళ్ళంటే ఆమెకు కసి. ఎండలు ముదిరితే చాలు, పెరట్లో చెట్లమీద చేరి, రేకును రంపంతో కోస్తున్నట్టు ఒకటే రొద. ఆ రొదలో ఒకరోజు పరధ్యానంగా కత్తెర నడిపి, ఒకావిడ జాకెట్టు గుడ్డను అడ్డంగా కోసేసింది. ఆవిడ వాకిట్లో నిలబడి నానా మాటలూ అని పోయింది.

అదే పెరట్లో అవతలి వైపు గదుల్లో ఆమె మరిది ఉండేవాడు. పోస్టాఫీసు గుమాస్తా. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. తీరిక దొరికితే తేనెటీగల పెట్టెల దగ్గరే ఉండేవాడు. వదిన పురుగుల మందు తెప్పించిందని తెలిసి పరుగున వచ్చాడు.

“వదినా, చెట్లకు మందు కొట్టకు. నా ఈగలు చస్తాయి.”

“అయితే వాటిని లోపల పెట్టి గొళ్ళెం వేసుకో.”

“నాలుగు వానలు పడితే కీచురాళ్ళు వాటంతటవే పోతాయి కదా!”

“అప్పటిదాకా ఉంటే నేనే పోతాను.”

మర్నాడు అతను ఆఫీసుకు వెళ్ళగానే ఆమె కొంగు బిగించి, చెట్టు చెట్టుకూ మందు కొట్టింది. మధ్యాహ్నానికి కీచురాళ్ళు టపటపా రాలాయి. చాలా రోజుల తర్వాత హాయిగా కునుకు తీసింది.

సాయంత్రం మరిది వచ్చేసరికి పెట్టెల ముందు తేనెటీగలు కుప్పలుగా పడి ఉన్నాయి. కొన్ని ఇంకా గిలగిలా కొట్టుకుంటున్నాయి. అతను అన్నింటినీ చేటలోకి ఎత్తి, తెచ్చి ఆమె మిషను మీద పోశాడు.

“చెవులు చల్లబడ్డాయిగా, ఇక కుట్టుకో” అని వెళ్ళిపోయాడు.

ఆమె చీపురు తెచ్చి వాటిని ఊడ్చేసింది. “ఈగలేగా, మనుషులు చచ్చినట్టు చేస్తాడేం?” అంది భర్తతో. ఆ పెద్దమనిషి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా మరిది తాపీమేస్త్రీని పిలిచి పెరటికి అడ్డంగా గోడ కట్టించాడు. తన వైపు నున్నగా సిమెంటు పూయించి, వదిన వైపు ఇటుకలు బొక్కలతో సహా వదిలేశాడు. అటు కొత్త పెట్టెలు తెచ్చుకున్నాడు. ఇటు ఆ బొక్కల్లో కందిరీగలు కాపురం పెట్టాయి.

మరుసటి వేసవిలో ఆమె వాటి అంతు చూద్దామని కర్రకు గుడ్డ చుట్టి, అంటించి, బొక్కలో దూర్చింది. కందిరీగలు రయ్యిమని లేచి ముఖమంతా కుట్టేశాయి. పెదవులు వాచాయి, గొంతు పూడుకుపోయింది. భర్త డ్యూటీలో ఉన్నాడు. కుట్టగానే ఆమె పెట్టిన కేక విని మరిది గోడ దూకి వచ్చాడు. ఆమెను భుజాన వేసుకుని, ఆటో ఎక్కించి, ఆసుపత్రికి చేర్చాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు.

సూదిమందు పని చేసి మాట రాగానే ఆమె అన్న మొదటి మాట: “మా వైపు కూడా సిమెంటు పూయించి ఉంటే ఈ గతి పట్టేదా?”

“నువ్వు మందు కొట్టకపోతే అసలు గోడే ఉండేది కాదు.”

“నన్ను బతికించానని మురిసిపోకు.”

“తొందరలో ఆలోచించలేదు, లేకపోతే బతికించేవాణ్ణి కాదు.”

“తగువు బయటికెళ్ళి పెట్టుకోండి” అని నర్సు కసిరింది.

ఇంటికొచ్చాక వాపు తీసిందో లేదో, ఆమె మిషను ముందు కూర్చుంది. తేనె తీసేటప్పుడు మరిది తలకు చుట్టుకునే చిరుగుల తువ్వాలు గోడ మీద ఆరుతూ ఆమె కంటపడింది మరి. తలంతా కప్పేలా వలగుడ్డతో ముసుగు కుట్టి, ఉండచుట్టి గోడ మీంచి విసిరింది.

కాసేపటికి అది మళ్ళీ ఇటే వచ్చి పడింది.

“మెడ దగ్గర బిగుతుగా ఉంది!” అని అటు నుంచి కేక.

“మెడా అది? దూలం!” అని అరిచి, తిట్టుకుంటూనే కుట్లు విప్పడానికి కూర్చుంది మిషనత్త.