సాలమ్మ గొంతుకు సరిపడే రేకు పిల్లనగ్రోవి

దేవానందానికి కోపం రావాలంటే కారణం అక్కర్లేదని ఖేడ్‌లో అందరికీ తెలుసు. బస్టాండు పక్కన షెడ్డులో కిరోసిన్ స్టవ్వులు బాగుచేస్తాడు. మంట రాకపోతే స్టవ్వు మీద అరుస్తాడు, వస్తే ఇన్నాళ్లూ దాన్ని పాడుచేసినవాడి మీద అరుస్తాడు. ఆదివారం మాత్రం చర్చిలో ముందు వరసలో కూర్చుని, మిషన్ దొరసాని ఒకావిడ వాళ్ల నాయనకు ఇచ్చిపోయిన రేకు పిల్లనగ్రోవి ఊదుతాడు. ఆరాధన అయ్యేదాకా ఆ నోటికి వేరే పని దొరికినందుకు సంఘమంతా దేవునికి మౌనంగా కృతజ్ఞతలు చెల్లిస్తుంది.

అలాంటి మనిషికి 2008లో నిజంగానే ఒక కారణం దొరికింది. దాని పేరు ఇమ్మానుయేల్. పట్నంలో చదువుకుని, కీబోర్డు ఒకటి చంకన పెట్టుకుని వచ్చి, పాటల బృందానికి పెద్ద అయ్యాడు.

కోతకాలపు పండుగ దగ్గరపడింది. ఆ రోజు ఆడవాళ్లు జొన్నలు, కందులు, గుమ్మడికాయలు గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ చర్చిలోకి నడిచివస్తారు. అందరికంటే ముందు దేవానందం వదినె సాలమ్మ. పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎక్కడ ఎత్తుకుంటే డోలకైనా, జనమైనా అక్కడికి చేరుకోవలసిందే.

"ఈసారి పాట నేనే ఎత్తుకుంట మామా," అన్నాడు ఇమ్మానుయేల్. "సాలమ్మత్త ఎత్తుకుంటే ఏ వాయిద్యం కలుస్తలేదు."

"కలుస్తలేదని ఎవడన్నడ్రా? ఇన్నేండ్ల సంది నా పిల్లంగోవి కలుస్తలేదా?"

"అదే చెప్తున్న. కలుస్తలేదు. అత్తదొక తొవ్వ, నీదొక తొవ్వ. నీది కలిస్తే చెప్పు, అత్తనే ఎత్తుకోమంట."

ఇంటికొచ్చి వదినెను పాడమని, పక్కన కూర్చుని ఊదాడు. కలవలేదు. అబద్ధం చెప్పినవాడి మీది కోపం రెండు పూటల్లో చల్లారుతుంది. నిజం చెప్పినవాడి మీది కోపానికి ఆయుష్షు ఎక్కువ.

సంగతి విని సాలమ్మ మండిపడింది. "అంటే, నేను పాట ఎత్తుకోవద్దు, ఉత్త గంప మోయాల్నా? గంప గాడిద గూడ మోస్తది. నడువు మరిదీ, నా గొంతుకు సరిపడే పిల్లంగోవి ఎక్కడ దొరుకుతదో చూద్దాం."

"నువ్వెందుకు?"

"గొంతు నా దగ్గరనే ఉన్నది గదా. సంచిల ఏసి పంపాల్నా?"

ఇద్దరూ పొద్దుటి బస్సుకు హైదరాబాద్ పోయారు. వాయిద్యాల దుకాణంలో సేటు వాళ్లను చూడగానే ఒక పిల్లనగ్రోవి తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు.

"సఫేద్ దో. అందరు ఇదే తీస్కపోతరు."

సఫేద్ దో అంటే హార్మోనియం మీద రెండో తెల్లమెట్టు. దొరసాని ఇచ్చిందీ అదే శ్రుతి.

"అందరు తీస్కపోయేది నాకెందుకయ్య? నేను అందర్ల ఒకన్నా?" అని దేవానందం లేచాడు. దుకాణంలో గిటారు చూస్తున్న ఒక కుర్రాడు దాన్ని మెల్లగా కింద పెట్టి వెళ్లిపోయాడు.

సేటు హార్మోనియం ముందుకు లాగాడు. సాలమ్మ స్టూలు మీద కూర్చుని, కొంగు సర్దుకుని, సిగ్గుపడుతూ సన్నగా పాడింది. సేటు మెట్లు వెతికి ఆరో తెల్లమెట్టు దగ్గర ఆగాడు. ఆ శ్రుతిది తీశాడు. దేవానందం ఊదాడు. కలిసింది. సేటు కాగితం చుట్టబోయాడు.

"ఇది గాదు," అంది సాలమ్మ. "పండుగనాడు నా పాట ఇంత కిందికుండదు."

"మరి పండుగనాటి పాట పాడు తల్లీ! దానికోసమే గదా ఇంత దూరమొచ్చింది!" అని కసిరాడు దేవానందం.

"గంప లేంది ఎట్లొస్తదిర?"

అప్పుడు వెలిగింది దేవానందానికి. నెత్తిన బరువుంటే మెడ నిలుస్తుంది, వెన్ను నిటారవుతుంది, గొంతు పైకి లేస్తుంది. ఇన్నేండ్లు గంపతో ఎదురుగా నడిచొచ్చే మనిషిని చూస్తూ ఊదాడు గానీ, ఈ సంగతి తోచలేదు. తన మీద తనకే కోపమొచ్చింది. అది కొత్త అనుభవం గనుక సేటు మీదికి మళ్లించాడు.

"ఏం చూస్తున్నవు? ఆ డోలకు ఇటియ్యి!"

పెట్టెతో సహా డోలకు సాలమ్మ నెత్తికెక్కింది. గిటార్లకూ తబలాలకూ నడుమ ఆమె అటూ ఇటూ నడిచి పాట ఎత్తుకుంది. బయట పోయేవాళ్లు ఆగి చూశారు. సేటు వేలు ఆరో తెల్లమెట్టు వదిలి దాని పైనున్న ఐదో నల్లమెట్టెక్కింది.

"కాలీ పాంచ్! గిది ఎవ్వరడగరు," అంటూ అడుగు సొరుగంతా కెలికి మూడు బయటికి తీశాడు.

మొదటిది అద్దంలా మెరుస్తోంది. కింది స్వరం మెల్లగా ఊదితే ఆగక, కీచుమని పైకి ఎగిరింది. "ఇది పిల్లంగోవి గాదు, కుక్కర్ సీటీ." రెండోదానికి పై స్వరాలు రావాలంటే బుగ్గలు పగలాలి. "దీనికన్న స్టవ్వు పంపే నయం." మూడోదాని రంగు పోయింది. పొడుగు, రంధ్రాలు ఎడం, ఉంగరం వేలు చాపితే గానీ అందదు. కానీ కింది స్వరం గుసగుసలా ఊదినా నిలబడింది. అదే స్వరం పై స్థాయిలో పట్టినా శ్రుతి నుంచి పక్కకు జరగలేదు. దేవానందం చాలాసేపు దాన్ని తిట్టడానికి సాకు వెతికాడు. ఏమీ దొరక్క, "ఇంత మంచిదాన్ని అడుగున ఏస్తవా?" అని సేటును తిట్టి తీసుకున్నాడు.

పండుగనాడు సాలమ్మ కందుల గంప నెత్తిన పెట్టుకుని గడప దాటుతూ పాట ఎత్తుకుంది. దేవానందం అందుకున్నాడు. ఎంత చక్కగా అతికిందంటే నడుమ వెంట్రుక దూరదు. ఇమ్మానుయేల్ కీబోర్డు మీంచి చేతులు తీసి విన్నాడు.

"కలిసింది మామా," అన్నాడు ఆరాధన కాగానే, అందరూ వింటుండగా. "క్రిస్మస్‌కు గూడ అత్తనే ఎత్తుకోవాలె."

దేవానందం ఛాతీ వెడల్పయింది. అంతలో వెనక వరసలో కూర్చునే విజయమ్మ వచ్చింది.

"ఏం దేవానందం, పిల్లంగోవి ఇంట్ల మర్చిపోయినవా? సాలమ్మ గొంతు ఖంగుమన్నది గని, నీది ఒక్కసారి గూడ ఇనపడలె."

ఆమె వెనకాలే సంఘపెద్ద మాణిక్యప్ప వచ్చి, "పానం బాగలేదా తమ్మీ? ఇయాల ఊదలేదేంది?" అన్నాడు.

సాలమ్మ గంప దించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నాకు ఇనపడ్డదిలే మరిదీ."

"నీ ఒక్కదానికి ఇనపడితే సరిపాయెనా?" అని దేవానందం కీబోర్డు వైపు తిరిగాడు. "ఒరేయ్ ఇమ్మానుయేలూ! మైకు నా దిక్కు ఎందుకు పెట్టలేదురా?"