రొయ్యకున్న పరీక్ష

మా రొయ్యల చెరువులో చెక్ ట్రే ఎత్తి చూడటం నా పని. మేత వేసిన కాసేపటికి తాడు లాగి చూస్తే, ట్రేలో మేత మిగిలిందో లేదో, రొయ్యల పేగు నిండిందో లేదో తెలిసిపోతుంది. ఒకసారి జ్వరం వచ్చి తగ్గాక, ఆ తాడు లాగే సత్తువ నా చేతుల్లో లేకుండా పోయింది. రాత్రంతా నిద్రపోయి లేచినా అసలు పడుకోనట్టే ఉండేది.

అమలాపురంలో డాక్టరు గారు రక్తం తీయించారు. థైరాయిడ్ బాగుంది, షుగర్ లేదు, రక్తం తక్కువ లేదు.

"ఇది డిప్రెషనమ్మా. మందులు వాడండి, రోజూ పొద్దున్నే నడవండి" అన్నారు.

మా ఆయనకి నడక మాట బాగా నచ్చింది. తెల్లవారుజామున రొయ్యలు ఊపిరాడక పైకి తేలితే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతారు, అవి తేరుకుంటాయి. ఆయన లెక్కలో నేనూ అంతే.

"గాలాడాలి నీకు. ఇలా కూకుంటే ఇంకా దిగజారిపోతావు" అని చెయ్యి పట్టుకుని చెరువు గట్టు మీద నడిపించేవారు. నడిచిన రోజు బాగానే ఉండేదాన్ని. మర్నాటి నుంచి మంచం దిగలేకపోయేదాన్ని, తల కూడా దువ్వుకోలేకపోయేదాన్ని. కాస్త లేవగానే మళ్లీ గట్టు మీదికి. అంతా ప్రేమతోనే చేశారు, అదే నా ఖర్మ.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరు గారిని అడిగేశాను.

"నాకు ట్రే ఎత్తాలనే ఉందండీ. ఒళ్లే రావట్లేదు. నడిచేక ఇంకా పడిపోతున్నాను. ఇది డిప్రెషనేనంటారా?"

ఆయన నా పాత రిపోర్టులు మళ్లీ తిరగేశారు. "క్రానిక్ ఫెటీగ్ అని, ఎంత పడుకున్నా తీరని నీరసం జబ్బు ఒకటుందమ్మా. అదే కావచ్చు, నడక ఆపేయండి. కానీ ఇది అదా, డిప్రెషనా అని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఇంకా రాలేదు. వెతుకుతున్నారు" అన్నారు.

నడక ఆగింది. చుట్టాలు మాత్రం ఆగలేదు. "ఒంట్లో ఏం లేదన్నారంట కదండీ, మనసు గట్టి చేసుకోవాలండీ" అనేవారు. బాగుపడతానన్న ఆశ నాకు అప్పుడే పోయింది.

ఈ మధ్య మా రొయ్యలు నీరసించి గట్టు వారకి చేరాయి. మా ఆయన కొన్నింటిని పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తారు. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. తెల్లమచ్చ వైరస్, అనుమానం లేదన్నారు. పక్క చెరువుల వాళ్లంతా వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"వైరస్ వచ్చేకా మీరేం చేత్తారండీ. ఆయ్, ఇందులో ఎవరి తప్పూ లేదండి" అన్నారు.

మంచం మీద పడుకుని అంతా విన్నాను. ఏడుపు ఆగలేదు. మా ఆయన లోపలికొచ్చి "పోతే పోయిందిలే, మళ్లీ వేసుకుందాం" అని తల నిమిరారు.

ఏడ్చింది చెరువు కోసం కాదని ఆయనకి చెప్పలేదు. ఒక్క పూటలో జబ్బు పేరు తేలిందని చచ్చే రొయ్యల మీద ఈర్ష్య పడ్డానని ఏ మొహం పెట్టుకుని చెప్పను.