మువ్వలు వినిపించని క్యాసెట్

1998లో పటాన్‌చెరు బస్టాండు వెనుక నాకు టేప్‌రికార్డర్లు, కీబోర్డులు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. కంపెనీల్లో షిఫ్టు దిగి ఇళ్లకు పోయేవాళ్లే నా గిరాకీ. మూత విప్పకుండానే రోగం చెప్పేస్తానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

దగ్గర్లోని లక్డారం ఊరి నుంచి యాదగిరి అనే అతను వచ్చేవాడు. ఇనుప రేకులను అచ్చులో కొట్టే పవర్ ప్రెస్ మీద అతని పని. పాత కీబోర్డు ఒకటి సంపాదించి, టేప్‌రికార్డర్‌లో పాట పెట్టి, దాంతోపాటే వాయిస్తూ నేర్చుకున్నాడు. గురువూ లేడు, స్వరాల పుస్తకమూ లేదు. పాట ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్లీ వాయించడం, అదే చదువు. పెళ్లిళ్లలో పాడే ఒక ఆర్కెస్ట్రా వాళ్లు అతనికి ఒక క్యాసెట్ ఇచ్చి, పాటల మధ్య వచ్చే వేణువు, మువ్వలు ఉన్నదున్నట్టు వాయిస్తే చేర్చుకుంటామన్నారు. చేరితే ప్రెస్ పని మానేయాలని అతని ఆశ. ఆ కీబోర్డును తువ్వాలులో చుట్టి పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చేవాడు.

"అన్నా, టేపుల మువ్వలు వస్తలేవు. కీబోర్డుల గూడ కుడి దిక్కు కీస్ సచ్చిపోయినయి," అన్నాడు.

టేపులో సన్నని శబ్దాలు పోయాయంటే సాధారణంగా దోషం హెడ్‌ది. హెడ్ అంటే టేపును తాకి పాటను చదివే చిన్న లోహపు ముక్క. దాని మీద మురికి పేరుకుంటే పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది. స్పిరిట్‌తో తుడిచి పంపాను. మళ్లీ వచ్చాడు. హెడ్ పక్కనుండే స్క్రూ సరిచేశాను. మళ్లీ వచ్చాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కీబోర్డులో సన్నగా పలికే ఆ కుడివైపు కీస్‌తో సహా అన్నీ చక్కగా పలుకుతుంటే ఇతనికి ఇదేం తిక్క అనుకున్నాను.

ఈసారి భార్య భాగ్య కూడా వెంట వచ్చింది. "దినాం దీంతోనే పరేషాన్ అయితుండు. జెర మంచిగ చూడన్నా," అంది.

నేను క్యాసెట్‌ను నా పెద్ద డెక్‌లో పెట్టి, సన్నని శబ్దాలను పెంచే ట్రెబుల్ నాబ్‌ను చివరిదాకా తిప్పాను. మువ్వలు చెవుల్లో గుచ్చుకున్నాయి. యాదగిరి మాత్రం డెక్ మీద శబ్దానికి తగ్గట్టు లేచిపడే లైట్ల వంక చూస్తున్నాడు.

"లైట్లు లేస్తున్నయి గదన్నా. మువ్వలేవి?"

భాగ్య అతని వైపు తిరిగింది. "గింత గట్టిగ మోగుతుంటె ఇనపడ్తలేదా నీకు?"

పాట నడుస్తూనే ఉంది.

"ఇంట్ల పిలిస్తె పలకకపోతె నా మీద కోపమొచ్చిందనుకున్నన్నా," అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను డెక్ ఆపి, పనిలో చెవులకు ఏమైనా పెట్టుకుంటావా అని అడిగాను.

"ఎట్ల పెట్టుకుంటనన్నా? క్లచ్ వడే సప్పుడు ఇనాలె. అది వడంగనే ప్రెస్ మీదికి దిగుతది, ఇనకుంటె వేళ్లు పోతయి." రెండు చేతులూ నా కౌంటర్ మీద పరిచాడు. "మా లైన్ల పది వేళ్లున్నోళ్లు తక్కువ. కీబోర్డు వాయించాలని గీటిని గింత పైలంగ కాపాడుకున్న."

ఆ వేళ్లను చూడలేక తల దించుకున్నాను. అంత నిస్సహాయత నా పనిలో మరెప్పుడూ ఎరగను.

హైదరాబాద్‌లో డాక్టర్ చూసి, ప్రెస్ మోతకు చెవి లోపల నరాలు దెబ్బతిన్నాయి, పోయిన వినికిడి ఇక రాదన్నాడట. ఆర్కెస్ట్రాలో ఇంకెవరో చేరారు. యాదగిరి మళ్లీ అదే ప్రెస్ మీదికి పోయాడు, ఇంకో పని ఎవరిస్తారు? అప్పటినుంచి ఎవరు ఫిర్యాదు తెచ్చినా, సెట్టు విప్పేముందు పాట పెట్టి ఆ మనిషి ముఖం చూడటం అలవాటు చేసుకున్నాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. ప్రెస్ షాపుల నుంచి వచ్చిన మరికొందరు కూడా లైట్ల వంకే చూశారు, అంతే.

ఆ తర్వాత కూడా యాదగిరి వస్తూనే ఉన్నాడు. టేప్‌రికార్డర్ కౌంటర్ మీద పెట్టి, "హెడ్ జెర సాఫ్ జెయ్యన్నా, మువ్వలు వస్తయేమో," అనేవాడు.

హెడ్ శుభ్రంగానే ఉండేది. నేను దూది స్పిరిట్‌లో ముంచి, తుడిచి ఇచ్చేవాణ్ని.