చుక్క గుర్తు కింద రాసుకోని వాక్యం

2018 అక్టోబరు మొదటి వారంలో నన్ను సౌదీ అరేబియా దమ్మామ్‌లోని జనరేటర్ల షెడ్డు నుంచి యజమాని సొంత రేసింగ్ షెడ్డుకు మార్చారు. హోదా హెడ్ ఇన్‌స్పెక్టర్. ఫిట్టరుకు ఒక మెట్టు పైన, ఫోర్‌మన్‌కు ఒక మెట్టు కింద. ఫోర్‌మన్ రెండు నెలల సెలవు మీద ఊరికి పోయి ఉండటం వల్ల ఎంపిక కాగితం మీద చివరి సంతకం నాదే అయింది. నాకు అప్పగించిన పని ఒక్కటే. సూపర్‌ఛార్జర్ బిగించిన ఎనిమిది సిలిండర్ల డ్రాగ్ ఇంజనుకు, షెడ్డులో ఉన్న రెండు జతల సిలిండర్ హెడ్లలో ఒక జతను ఎంచాలి.

డ్రాగ్ రేసు అంటే తిన్నటి దారిలో రెండు కార్లు పక్కపక్కన బయలుదేరి పావు మైలు పరుగెత్తడం. మంచి కారుకు అది ఏడెనిమిది సెకన్ల పని. ఇంజను పడే శ్రమంతా ఆ కాసేపట్లోనే. సిలిండర్ హెడ్ ఇంజనుకు పైకప్పు లాంటిది. గాలి, ఇంధనం లోపలికి పోయే దారులూ, పొగ బయటికి వచ్చే దారులూ, వాటిని మూసి తెరిచే వాల్వులూ అందులోనే ఉంటాయి. వాల్వును మూసి ఉంచేది దాని మీద బిగించిన స్ప్రింగు. మామూలు ఇంజను గాలిని తానే పీల్చుకుంటుంది. సూపర్‌ఛార్జరు ఇంజను బెల్టుతో తిరుగుతూ గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. ఆ తోపునే బూస్టు అంటారు. మా ఇంజనుకు అది చదరపు అంగుళానికి ముప్పై పౌండ్లు.

మొదటి జత హెడ్లు అమెరికా నుంచి కొత్తగా వచ్చినవి. అద్దంలా మెరిసేవి. ఇన్‌టేక్ దారులు, అంటే గాలి లోపలికి పోయేవి, వెడల్పు, ఇన్‌టేక్ వాల్వులు పెద్దవి. రెండో జత హుఫూఫ్‌లో విప్పేసిన ఒక పాత రేసు కారువి. మందంగా, మసిపట్టి, చేత్తో లేపితే నడుం పట్టేసేంత బరువుగా ఉండేవి. గాలి ఎంత పారుతుందో కొలిచే ఫ్లో బెంచి మీద రెండింటినీ పెట్టి చూశాను. ఇన్‌టేక్ వైపు మొదటి జతలో గాలి ఐదో వంతు ఎక్కువ పారింది. స్ప్రింగుల బలం ఎంత ఉండాలో నా నోట్‌బుక్కులోని పట్టిక చూసి, రెండు వందల ఇరవై పౌండ్లు అని రాశాను. మొదటి జతకు ఓటు వేసి సంతకం పెట్టాను.

ఆ నోట్‌బుక్కు సంగతి చెప్పాలి. నేను ఐ.టి.ఐ. వరకే చదివాను. మిగిలిన చదువంతా కరీంనగర్ గ్రంథాలయంలోనే. ఇంజన్ల మీద లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి అక్కడ ఉండేది. ఇంటికి ఇచ్చేవారు కాదు. అక్కడే కూర్చుని చదువుకోవాలి. పని దిగాక సాయంత్రాలు వెళ్ళి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఏడాదిన్నరలో దాదాపు అన్ని పట్టికలూ పొడుగు నోట్‌బుక్కులోకి ఎక్కించుకున్నాను. లైబ్రేరియన్ ఒక్కొక్క ఫ్యానే కట్టేస్తూ వచ్చేవాడు. నా మీద ఫ్యాను ఆగితే లేవాలని అర్థం. దమ్మామ్‌లో డిగ్రీలున్న వాళ్ళు కూడా ఏదైనా అంకె కావాలంటే నా దగ్గరికే వచ్చేవారు. దానికి నేను గర్వపడేవాణ్ణి. ఇప్పటికీ పడతాను.

ఇంజను కట్టే ఫిట్టరు గంగాధర్. నిర్మల్ వైపు మనిషి, చదువు అయిదో తరగతి. నేను ఎంచిన జతను మొదటి రోజే తప్పుపట్టాడు.

"లైబ్రరీ సారూ, పొయ్యి గట్టిగుండాలె గని గాలి వొయ్యే బొక్క ఎంత పెద్దగుంటె ఏం ఫాయిద? గా నల్ల హెడ్డే మంచిగున్నది. సుత్తితోని కొట్టినా సప్పుడు మారది."

"ఫ్లో బెంచి సుత్తిని అడగది గంగాధర్," అన్నాను.

"బెంచి గూడ రేసుల కూసోది గద."

షెడ్డులో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, మొదటి జతనే బిగించమన్నాను. ఇంజను లేచింది. బయట ట్రాకు మీద సగం దూరం, సగం బూస్టుతో ఒక చిన్న పరుగు కూడా పెట్టారు. అంతా బాగున్నట్టే కనిపించింది. పూర్తి బూస్టుతో మొదటి పరుగు నెలాఖరు శుక్రవారం సాయంత్రం, అస్ర్ నమాజు తర్వాత అని నిర్ణయించారు. కారు నడిపేది యజమానే. అందరం ఆయన్ని అబూ తుర్కీ అని పిలిచేవాళ్ళం.

గురువారం పొద్దున తొమ్మిది గంటలకు గంగాధర్ అసెంబ్లీ కాగితం నింపుతూ, స్ప్రింగుల అంకె సరిచూసుకోవడానికి నా నోట్‌బుక్కు తెరిచాడు.

"రాజన్నా, గీ రెండు నూర్ల ఇరవై పక్కన సుక్కేందే? మరకనా?"

చూశాను. మరక కాదు. పుస్తకంలో ఉన్న గుర్తునే నేను శ్రద్ధగా ఎక్కించాను.

"గుర్తు," అన్నాను.

"గుర్తంటె కింద ఏదన్న రాసుండాలె గద. కాయితం ఎన్కకు తిప్పి సూసిన. ఏం లేదు."

నిజంగానే ఏమీ లేదు. పట్టిక పూర్తయిన చోటే పేజీ పూర్తయింది. ఆ సాయంత్రం ఫ్యాను ఆగిందని లేచి ఉంటాను. అంకెలు వచ్చేశాయి కదా, కింది సన్న అక్షరాలు రేపు చూద్దాం అనుకుని ఉంటాను. ఆ రేపు రాలేదు. ఇన్నేళ్ళలో ఆ చుక్క ఏమిటని నన్ను అడిగినవాడూ లేడు.

పుస్తకం నాకు తెలిసినంతలో ఒక్కరి దగ్గరే ఉంది. రాస్ తనూరా రిఫైనరీలో పనిచేసే మూర్తి గారు. కాకినాడ ఆయన, యంత్రాల ఇంజనీరు. నెలకోసారి కలిసి పుస్తకాలు మార్చుకునేవాళ్ళం. ఫోను చేస్తే మోగి ఆగిపోయింది. ప్లాంటు లోపలికి సెల్‌ఫోను తీసుకెళ్ళనివ్వరు. మధ్యాహ్నం భోజనానికి బయటికొస్తేగానీ ఆయన దొరకరు. కారును ట్రాకుకు తీసుకెళ్ళే ట్రెయిలరు ఒంటిగంటకు వస్తుంది. అప్పటికి బానెట్టు మూసి, సీలు వేసి, నేను రెండో సంతకం పెట్టాలి.

ఆ మూడు గంటలూ చేతులతో ఏ పనీ చేయలేకపోయాను. గంగాధర్ ఎగతాళి మానేసి నా ముఖం చూస్తూ బోల్టులు తుడుస్తున్నాడు.

పన్నెండుకు పది నిమిషాలప్పుడు మూర్తి గారి ఫోను వచ్చింది. పుస్తకం క్యాంపు గదిలో ఉందని చెప్పి, భోజనం వదిలేసి అక్కడికి వెళ్ళి మళ్ళీ చేశారు.

"పేజీ దొరికిందండీ రాజన్న గారూ. చుక్క కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఈ అంకెలు గాలి తానే పీల్చుకునే ఇంజన్లకట. సూపర్‌ఛార్జరు ఉంటే ఇన్‌టేక్ వాల్వు వైశాల్యాన్ని బూస్టుతో గుణించి, వచ్చింది దీనికి కలపాలట. అంతేనండి." మళ్ళీ ఆయనే, "వేళ్ళ మీద లెక్కే కదండీ ఇది. మీకు తట్టలేదా?" అన్నారు.

తట్టలేదు. డీజిలు జనరేటర్లలో బూస్టు తక్కువ, వాల్వులు చిన్నవి. ఆ తేడా అక్కడ ఎవరికీ తెలిసేంత ఉండదు. ఇక్కడ పెద్ద వాల్వు వైశాల్యం నాలుగు చదరపు అంగుళాలు. ముప్పైతో గుణిస్తే నూట ఇరవై పౌండ్లు. మూసి ఉన్న వాల్వును వెనక నుంచి గాలి అంత బలంతో తెరవాలని చూస్తుంది. నేను పెట్టించిన రెండు వందల ఇరవైలో మిగిలేది వంద. ఆ వేగంలో అది చాలదు. వాల్వు మూసుకోబోయి ఎగిరితే, సిలిండరులోని మంట వెనక్కి తిరిగి, ఇంధనం కలిసిన గాలితో నిండి ఉన్న దారిలోకి పోతుంది. సూపర్‌ఛార్జరు పేలుతుంది. అది ఉండేది డ్రైవరు అద్దానికి ఎదురుగానే. దాన్ని పట్టి ఉంచే పట్టీలు ఉంటాయి. పట్టీలను నమ్ముకుని ఎవరూ ఇంజను కట్టరు.

గట్టి స్ప్రింగులు వేసి సరిపెట్టుకోవచ్చు కదా అని అడగవచ్చు. వాటి చుట్టుకొలత ఎక్కువ. స్ప్రింగు కూర్చునే గుంటను వెడల్పు చేయాలి. మెరిసే హెడ్లలో ఆ గుంట కింద, గాలి దారి పైకప్పు మందం నేను కొలిచి రాసినదే మూడు మిల్లీమీటర్లు. దారిని పెద్దది చేయడం కోసం లోహాన్ని తినేశారు. అక్కడ కోస్తే చిల్లు పడుతుంది. నల్ల హెడ్లలో మందం ఎనిమిది పైనే. అంటే స్ప్రింగులు కాదు, హెడ్లే మార్చాలి. రెండు రోజుల పని. శుక్రవారం పరుగు ఉండదు.

ఒంటిగంటకు ట్రెయిలరు వచ్చింది. దాని వెనకే అబూ తుర్కీ వచ్చారు. రియాద్ నుంచి ఇద్దరు స్నేహితులు కూడా. పరుగు చూపిస్తానని వాళ్ళను పిలిపించుకున్నారు. నా ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండటానికిచ్చే అనుమతి కార్డు, ఆయన కంపెనీ పేరు మీద ఉంది. అదే నెలలో ఒక వెల్డరును, పొరపాటును రెండు రోజులు దాచాడని, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేశారు. ఇవన్నీ నాకు గుర్తున్నాయి. గంగాధర్ మెల్లగా, "అన్నా, నేను జెప్తనే. నా తప్పని జెప్త. నాకు సదువు రాదని ఎట్లైన ఇడిసిపెడ్తరు," అన్నాడు. కాగితం మీద ఉన్నది నా సంతకం, నేనే చెప్తానన్నాను.

అబూ తుర్కీతో మేము మాట్లాడేది అరబ్బీ కలిసిన హిందీలో. కారును ఎక్కించవద్దని, హెడ్ల ఎంపిక తప్పని, ఆ తప్పు నాదని చెప్పాను. ఆయన స్నేహితుల వైపు ఒకసారి చూసి, బూస్టు సగానికి తగ్గించి నడిపితే ఏమవుతుందని అడిగారు. సగానికి లెక్క వేసి చూపించాను. ప్రమాదం తగ్గుతుంది, పోదు. ఎంత మిగులుతుందో నాకు తెలియదు అన్నాను. నువ్వు సంతకం పెట్టి పదిహేను రోజులైంది, ఈరోజు ఎందుకు చెబుతున్నావు అని అడిగారు. ఈరోజే తెలిసిందన్నాను. నోట్‌బుక్కు తెరిచి చుక్క చూపించాను. ఆయన దాని మీద వేలు పెట్టి, కాగితం వెనక్కి తిప్పి చూశారు.

"ఇఫ్తహ్," అన్నారు చివరికి. విప్పు అని.

ఎడమ హెడ్డు ఎత్తేసరికి మూడున్నర దాటింది. ఇన్‌టేక్ వాల్వులు ఒక్కొక్కటే తీసి బట్ట మీద వరసగా పెట్టాను. మంచి వాల్వు అంచున, హెడ్డులోని సీటుకు తగిలే చోట, ఒకే ఒక్క సన్నని వలయం ఉంటుంది. రెండు వాల్వుల మీద రెండేసి ఉన్నాయి. రెండో వలయం కొత్తగా, తెల్లగా మెరుస్తోంది. మూసుకున్న వాల్వు మళ్ళీ ఎగిరి పడిందనడానికి అది గుర్తు. అదీ సగం దూరం, సగం బూస్టు పరుగులో.

గంగాధర్ ఒక వాల్వును వెలుగులో తిప్పి చూసి, అబూ తుర్కీ చేతికిచ్చాడు. ఆయన గోరుతో ఆ వలయాన్ని గీకి చూశారు. తర్వాత దాన్ని తన పొడుగు అంగీ, తోబు జేబులో వేసుకుని, స్నేహితులను భోజనానికి తీసుకెళ్ళిపోయారు.

నల్ల హెడ్లు మూడు వందల నలభై పౌండ్ల స్ప్రింగులతో పైకెక్కాయి. యజమానికి మళ్ళీ వీలు కుదిరి, మూడు వారాల తర్వాత పూర్తి బూస్టు పరుగు జరిగింది. ఫ్లో బెంచి లెక్క ప్రకారం కారు నెమ్మదించాలి. కొంచెం కూడా నెమ్మదించలేదు. గాలిని పీల్చుకోవలసిన అవసరం లేని ఇంజనుకు పెద్ద దారి చేసే మేలు తక్కువ. హెడ్డు గట్టిగా ఉండటమూ, వాల్వు మూత గట్టిగా పడటమూ దానికి ముఖ్యం. ఈ మాటను గంగాధర్ పొయ్యితో పోల్చి ముందే చెప్పాడు. నేను దాన్ని మోటు మాట అనుకున్నాను.

నన్ను పంపించలేదు. హోదా తగ్గించలేదు. ఎంపిక కాగితం మీద మాత్రం ఇంకో గీత వచ్చింది. ఇన్‌స్పెక్టరు సంతకం కింద ఇంజను కట్టే ఫిట్టరు సంతకం కూడా ఉండాలి. అది లేనిది ఏ హెడ్డూ షెల్ఫు దిగకూడదు. నేను 2023లో ఉద్యోగం విడిచేదాకా ఆ గీత మీద గంగాధర్ తెలుగులోనే సంతకం చేశాడు. రెండు సార్లు చేయనన్నాడు. ఒకసారి అతనిది పొరపాటు, ఒకసారి నాది.

ఆ పట్టికలో అంకె తప్పు కాదు. అది వేరే ఇంజను గురించి చెప్పిన సరైన సమాధానం. పుస్తకం నుంచి అంకె తీసుకునేవాడు, అది ఏ పరిస్థితికి కొలిచిందో కూడా తీసుకోవాలి. లేకపోతే ఆ అంకె తీసుకోకుండా ఉండటం మేలు. రెండోది, సంతకం పెట్టినవాడు తప్పు తెలిసిన గంటలోనే చెప్పాలి. గురువారం చెబితే దాని ఖరీదు ఒక శుక్రవారం. శుక్రవారం సాయంత్రమైతే ఎంతో నేను లెక్క వేయగలను, కానీ ఆ లెక్క ఎన్నడూ వేయలేదు.